మా నాన్నకి ఏమైంది? (వాడ కబురు – 17)

మూడు వారాలుగా ఈ వరస ఆగిపోయింది. "ఏం సార్, రాయట్లేదు?" అని ఇన్‌బాక్స్‌లో అడిగిన మిత్రులకి "పరీక్షల డ్యూటీ" అని చెప్పాను. అబద్ధం. మా నాన్నని ఆసుపత్రికి తిప్పుతున్నాను. జ్వరం కాదు, షుగరు కాదు, ఎప్పుడూ ఉండే నడుం నొప్పీ కాదు. సైకియాట్రీ ఓపీ.

మన వాడ మీద ఎక్కడైనా దాడి జరిగితే రాత్రి రెండింటికి లేచి కూర్చుని పోస్టు రాసేవాణ్ణి. ఇంట్లో మనిషి కుంగిపోతే మాత్రం పరీక్షల డ్యూటీ అని చెప్పాను. ఎందుకు చెప్పానా అని తవ్వుకుంటూ పోతే మా ఇంట్లో మూడు తరాల సంగతి బయటపడింది. నాన్నని అడిగే రాస్తున్నాను. "రాయి. పేరు మాత్రం వెయ్యకు" అన్నాడు. కాసేపాగి, "నీ పేరుంటే నా పేరున్నట్టే గదరా" అని నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి ఏడాది దాటింది.

మాది దివిసీమ. అవనిగడ్డ దాటాక సముద్రం వైపు ఉండే పల్లె. ఊరు మెరకలో, మా పల్లె పల్లంలో. డెల్టాలో ఇది కొత్త సంగతేం కాదు, నీళ్లు ముందు ఎవరింటికి రావాలో ఊరు కట్టినప్పుడే తేలిపోయి ఉంటుంది. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన. కనీసం పదివేల ప్రాణాలు పోయాయని అంచనా. అందులో ఒకటి మా మామ్మ కూతురు, రెండేళ్ల పిల్ల. మామ్మకి అప్పుడు ముప్పై నాలుగు. మా నాన్నకి పద్నాలుగు. వాళ్లిద్దరూ బతికారు. మా ఇంట్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా ఇంతే: "చంటిది ఉప్పెనలో కొట్టుకుపోయింది." ఒక్క వాక్యం. దాని వెనక ఇంకేమైనా ఉందా అని ఎవరూ అడగలేదు, నాతో సహా.

నాకు ఊహ తెలిసేటప్పటికి మామ్మకి ఏటా కార్తీకంలో ఒంట్లో బాగుండేది కాదు. ఒళ్లంతా పోట్లు, అరికాళ్ల మంటలు, గుండెల్లో దడ. తలకి గుడ్డ బిగించి కట్టుకుని ముడుచుకుని పడుకునేది. ఆరెంపీ డాక్టరు వచ్చి బలం సూది వేసి వెళ్లేవాడు. రెండు మూడుసార్లు సెలైను కూడా ఎక్కించాడు. నాలుగు వారాలకి లేచి మళ్లీ పనిలోకి పోయేది. మామ్మకి జబ్బు ఉందని అందరికీ తెలుసు. జబ్బు పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

తెలుగు ఎమ్మే చదివి, పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు పిల్లలకి పాఠం చెప్తున్నవాణ్ణి గనక ఒక మాట చెప్తాను. డిప్రెషన్‌కి మనకి మాట లేదంటారు. ఎందుకు లేదు? దిగులుంది, బెంగ ఉంది, గుబులుంది, మనోవ్యాధి ఉంది, తెలంగాణలో మనాది ఉంది. ఇప్పుడు పత్రికల్లో కుంగుబాటు అని రాస్తున్నారు. ఆ మాట మా మామ్మకి ఏ పత్రికా నేర్పలేదు. చదువురాని మామ్మకి బైబిల్లో 42వ కీర్తన కంఠతా వచ్చు. అందులో మనిషి తన ప్రాణాన్నే నిలబెట్టి ఎందుకు క్రుంగిపోయావని అడుగుతాడు. మామ్మ ఆ కీర్తన చెప్పేటప్పుడు ఆ మాట దగ్గర గొంతు ఆగేది. అంటే మాట లేక కాదు. ఆ మాటని ఆసుపత్రి దాకా తీసుకెళ్లే దారి లేక.

అయితే మామ్మకి ఇంకొకటి ఉంది. ఏడవడానికి చోటు. సార్వా ఊడ్పుల్లో పదిహేనుమంది ఆడవాళ్లు వరసగా వంగి నాట్లేస్తూ పాడుకునేవాళ్లు. పాట మధ్యలో మామ్మ తన పిల్లని తలుచుకుని శోకం తీస్తే పక్కనున్న ఆమె తన చచ్చిపోయిన మొగుణ్ణి తలుచుకునేది. మేస్త్రి కేకలేసేదాకా ఏడ్చి, కళ్లు తుడుచుకుని మళ్లీ వంగేవాళ్లు. ఏ డాక్టరూ ఇవ్వలేని వైద్యం అది అని నేను గొప్పలు పోను. అది కూలి పని. నడుములు విరిగే పని. కానీ ఆ నడుములు విరిగే చోట పక్కన ఇంకో మనిషి ఉంది. ఇప్పుడు కోతకి మిషన్లొచ్చాయి, చాలాచోట్ల పొలం చేపల చెరువైంది. కూలి పోయిందని మనం మీటింగుల్లో మాట్లాడుకున్నాం. కూలితోపాటు ఆడవాళ్లు కలిసి ఏడ్చే చోటు కూడా పోయిందని ఎవరమూ మాట్లాడలేదు.

అమ్మ తరానికి ఆ చోటు చర్చిలో దొరికింది. శుక్రవారం ఉపవాస ప్రార్థన. పదిగంటలకి వెళ్లి మూడింటికి వచ్చేది. నేను అంబేడ్కర్‌ని చదివిన కొత్తలో అమ్మని బాగా వెక్కిరించేవాణ్ణి. "ఐదుగంటలు ఏం చేస్తారే అక్కడ?" అని. ఒకసారి చెప్పింది: "ఒక్కొక్కళ్లం మా మనవి చెప్పుకుంటాం. మిగతావాళ్లు వింటారు." మనవులేంటి? మొగుడి తాగుడు, కూతురి కట్నం, డ్వాక్రా వాయిదా, నిద్ర పట్టకపోవడం. అంటే వారానికొకసారి పాతికమంది ఆడవాళ్లు ఒకళ్ల బాధ ఒకళ్లు అడ్డురాకుండా వింటున్నారు. దీన్నే ఊళ్లో డబ్బున్నవాళ్లు గంటకింతని కట్టి చేయించుకుంటారు. నేను వెక్కిరించింది దీన్ని.

కానీ ఆ చోటుకీ హద్దుంది. ఆ హద్దు మా ఇంట్లోనే చూశాను.

2017లో మాకు పాప పుట్టింది. నేనప్పుడు థీసిస్ పూర్తిచేసే హడావుడిలో ఉన్నాను. అంశం, దళిత స్త్రీల కథలు. నా సహచరి రాత్రుళ్లు గోడవైపు తిరిగి ఏడ్చేది. పాపని ఒళ్లో పెట్టినా చూసేది కాదు. "నేను పనికిరాను, దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి" అంది ఒకరోజు. మా పెద్దవాళ్లు గాలి సోకిందన్నారు. ప్రార్థనకి పిలిచిన పాస్టరు విశ్వాసం తగ్గిందన్నాడు. పీహెచ్‌డీ చేస్తున్న నేను ఏమన్నానో తెలుసా? "అందరూ కనట్లేదా?" అన్నాను.

ఆమెని కాపాడింది నేను కాదు. పాపకి టీకా వెయ్యడానికి వచ్చిన ఏఎన్ఎం. పాపని తూచి, తల్లి ముఖం చూసి, "అమ్మా, నిద్ర పడుతోందా నీకు?" అని అడిగిందట. అంతే. ఆ ఒక్క ప్రశ్నకి ఈమె అరగంట ఏడ్చిందట. ఆమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నాలుగు నెలల తర్వాత చీటీ కనిపిస్తే గాని నాకు తెలియలేదు. గర్భిణుల్లో, బాలింతల్లో ప్రతి పదిమందిలో ఒకరికి పైగా ఇలాంటి జబ్బు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. గాలీ కాదు, విశ్వాసం తగ్గడమూ కాదు. నా థీసిస్‌లో "దళిత స్త్రీ మానసిక సంఘర్షణ" అని ఒక అధ్యాయం ఉంది. ముప్పై ఎనిమిది పేజీలు. వైవాలో దాన్ని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ పాస్టరుగారికి అప్పుడు చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్తాను. బైబిల్లో ఏలీయా ఉన్నాడు గదా, అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. దేవదూత వచ్చి విశ్వాసం తగ్గిందని తిట్టలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. కుంగిపోయిన మనిషికి ముందు తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి కావాలని ఆ కథ రాసినవాడికి తెలుసు.

ఇక నా సంగతి. కరోనా రోజుల్లో కాంట్రాక్టు జీతం ఆగింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. రాత్రి మూడుగంటలు పడుకునేవాణ్ణి. మిగతా టైమంతా ఫోన్లో యుద్ధం. పోస్టులు, మీటింగులు, కామెంట్లలో తగాదాలు, పాత మిత్రుల్ని బ్లాక్ చెయ్యడం. బయటివాళ్లకి నేను చాలా చురుగ్గా ఉన్నట్టు కనిపించాను. ఇంట్లో పాప గ్లాసు పడేస్తే అరిచేవాణ్ణి. నాది డిప్రెషన్ కావచ్చని మొదట అన్నది నా సహచరి. ఒకప్పుడు నేను గుర్తుపట్టలేకపోయిన మనిషే నన్ను గుర్తుపట్టింది. మగవాడిలో ఈ జబ్బు చాలాసార్లు కోపంలా, తాగుడులా, మితిమీరిన పనిలా కనిపిస్తుందని తర్వాత డాక్టరు చెప్పాడు.

అప్పుడు ఒక సీనియర్ కామ్రేడ్‌కి చెప్తే, "డిప్రెషన్ మధ్యతరగతి జబ్బు తమ్ముడూ. మనకి పోరాటమే మందు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ తప్పు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములని పోగొట్టుకున్నాం. అది వ్యవస్థ చేసిన హత్య అన్నాం, ఈరోజుకీ అంటాను. ఆ మాట అన్నవాళ్లమే మనలో మిగిలిన పిల్లల్ని "నిద్ర పడుతోందా?" అని అడగలేదు. కులం గుండెని కోస్తోందంటే గాయానికి కట్టు అక్కర్లేదని కాదు గదా. కత్తి పట్టిన చెయ్యినీ ఆపాలి, కారుతున్న నెత్తురునీ ఆపాలి. 1926లో చిన్నకొడుకు రాజరత్నం చనిపోయినప్పుడు బాబాసాహెబ్ ఎంతగా విరిగిపోయాడో ఆయన ఒక మిత్రుడికి రాసుకున్న ఉత్తరంలో కనిపిస్తుంది. ఆ తర్వాతి ఏడే మహాడ్. విరిగిపోవడం ఉద్యమానికి ద్రోహం కాదు. విరిగిపోయానని ఆయన ఒక మనిషికి రాసుకున్నాడు, మనం అదీ చెయ్యం.

మా తమ్ముడు ఇరవై నాలుగేళ్లవాడు. గ్రూప్స్ కోచింగ్. వాడి తరానికి మాట కొరత లేదు. "డిప్రెషన్‌లో ఉన్నా బ్రో" అని నవ్వుతూ స్టేటస్ పెడతారు. నవ్వుతూ పెట్టారు గనక మనమూ నవ్వి ఊరుకుంటాం. రాత్రంతా ఫోను, పగలంతా నిద్ర, నోటిఫికేషన్ వాయిదా పడితే మూడురోజులు గదిలోంచి రాడు. మేం బద్ధకం అనుకున్నాం. మామ్మ దగ్గర మాట లేకపోయినా వినేవాళ్లున్నారు. వీడి దగ్గర మాట ఉంది, వినేవాళ్లు లేరు. వాడు తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం ఒకటే, పొద్దున్నే ఐదింటికి లేచి క్రికెట్. ఆడిన రోజు బాగుంటాడు. ఇప్పుడు వానపడి గ్రౌండ్ తడిస్తే వాణ్ణి నేనే లేపి కాలవగట్టు మీద నడిపించుకొస్తున్నాను. మాట్లాడకుండా నడుస్తాం. అదీ పనిచేస్తోంది.

ఇప్పుడు నాన్న.

ఉప్పెన తర్వాత కొన్నేళ్లకి నాన్న బెజవాడ వచ్చేశాడు. కాళేశ్వరరావు మార్కెట్లో ముఠా. ముప్పై ఏళ్లకి పైగా బస్తాలు మోశాడు. రాత్రికి ఒక క్వార్టరు. తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, తాగి పడుకునేవాడు. ఎవరైనా దిగులుగా ఉందంటే ఆయన మాట ఒకటే: "పనుంటే దిగులేంటి?" నడుం పోయి ముఠా మానేశాక ఆ మాట అనడం మానేశాడు. మేం గమనించలేదు.

2024 సెప్టెంబరు 1. బుడమేరు సింగ్‌నగర్‌ మీద పడింది. అవతల ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోతున్నాయి. మా ఇంట్లోకి మెడలోతు నీళ్లు. పక్క డాబా మీద మూడురోజులున్నాం. ఆ మూడురోజులూ నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. పాప చెయ్యి పట్టుకునే ఉన్నాడు. నిద్రలో కూడా వదల్లేదు. పాప మణికట్టు కమిలిపోయింది. "తాతా, నొప్పి" అంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. భయపడ్డాడనుకున్నాం.

నీళ్లు తీశాక ఎన్యూమరేషన్‌కి వచ్చారు. ఇల్లు, బండి, సామాన్లు రాసుకున్నారు. గ్రౌండ్ ఫ్లోరుకి 25 వేలు పరిహారం. కొత్త పరుపు కొన్నాం, గోడలకి సున్నం కొట్టాం. అందరం తేరుకున్నాం. నాన్న తేరుకోలేదు. టీ కొట్టుకి వెళ్లడం మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. రాత్రి రెండుమూడుసార్లు లేచి నేల తడిమి చూసేవాడు. క్వార్టరు కాస్తా హాఫైంది. ఏడాది గడిచింది. వయసు, అనుకున్నాం. పోయిన నెల అమ్మతో, "నేనుండి ఎవరికి ఉపయోగం, మీకు బరువు" అన్నాడు. అమ్మ ఆ మాట ప్రార్థనలో చెప్పింది. అక్కడున్న ఒకామె, ఆశా వర్కరు, "ఒదినా, ఈ మాట ఇక్కడ కాదు, ఆసుపత్రిలో చెప్పాలి" అందట. ఆ ఒదినగారి ఆడబిడ్డకి నేను రుణపడి ఉన్నాను.

లేడీ డాక్టరు. నా స్టూడెంటు వయసుంటుంది. నిద్ర, ఆకలి, తాగుడు అన్నీ అడిగింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. నేను ఉలిక్కిపడ్డాను, నాన్న ఉలిక్కిపడలేదు. "అప్పుడప్పుడు" అన్నాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనం భయపడతాం. అలా కాదు, అడిగితే మనిషికి ఊపిరి ఆడుతుందని ఆ గదిలో నా కళ్లతో చూశాను. తర్వాత ఆమె, "బాబాయ్, ఇంతకుముందు ఎప్పుడైనా ఇంత వరద చూశారా?" అంది.

నాన్న చాలాసేపు కిందికి చూశాడు.

"చూశానమ్మా. చెల్లిని నేనే ఎత్తుకున్నా. తాడిచెట్టు పట్టుకున్నా ఒక చేత్తో. ఒక చేత్తో దాని చెయ్యి. జారిపోయింది."

తర్వాత, "మా అమ్మకి చెప్పలేదు. నా దగ్గర లేదన్నా" అన్నాడు.

నలభై ఎనిమిదేళ్లు. మామ్మ ఏటా కార్తీకంలో ముడుచుకుని పడుకున్నప్పుడు ఆ పక్కనే కూర్చుని నాన్న ఏమనుకునేవాడో నాకిప్పుడు అర్థమవుతోంది. ఆమె ఏడవచ్చు, తల్లి గనక. పద్నాలుగేళ్ల మగపిల్లాడికి ఆ చోటు లేదు. వాడికి బస్తా ఇచ్చారు, మోశాడు. బస్తా పోయాక సీసా మిగిలింది. "పనుంటే దిగులేంటి" అన్న మాట గొప్ప తత్వం అనుకున్నాను నేను. మందు చీటీ అది. ఆయన రాసుకున్నది, ఆయన వాడినది.

లెక్కలు కూడా ఇదే చెప్తున్నాయి. ప్రపంచవ్యాప్తంగా డిప్రెషన్ ఆడవాళ్లలో ఎక్కువ. మన దేశంలో ఆత్మహత్యల్లో మాత్రం పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. 2022 ఎన్‌సీఆర్‌బీ లెక్కలో 1,70,924 మంది. అందులో నాలుగో వంతుకి పైగా దినకూలీలు. ఆ దినకూలీలు ఏ వాడల్లో ఉంటారో మీకు నేను చెప్పాలా? 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో ఇరవైమందికి ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ పాలైనవాళ్లేనని తేలింది. ఈ జబ్బున్న నూటికి ఎనభై మందికి పైగా వైద్యం అందట్లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన ఆంధ్ర లేదు.

"విశ్రాంతి తీసుకోండి" అని పుస్తకాల్లో ఉంటుంది. కూలికి పోకపోతే పూట గడవనివాడికి విశ్రాంతి ఎక్కడిది? మందులు ఉచితమే, కానీ ఓపీ రోజు కూలి పోతుంది, ఆటో చార్జీ పోతుంది. పిచ్చాసుపత్రికి వెళ్లారని తెలిస్తే చెల్లెలి సంబంధం పోతుందన్న భయం వేరే. అందుకే నేనూ పరీక్షల డ్యూటీ అని చెప్పాను.

అందుకే ఈ కింది నాలుగు మాటలూ. మీ వాడలో చెప్పండి.

ఆడమనిషి నెలల తరబడి ఒళ్లు నొప్పులు, దడ అంటూ సూదులేయించుకుంటుంటే, నిద్ర సంగతి అడగండి. మగమనిషి కోపం, తాగుడు ఒక్కసారిగా పెరిగితే, తిట్టేముందు అడగండి. ముసలివాళ్లు మాట తగ్గిస్తే వయసని వదిలెయ్యకండి. పిల్లలు నవ్వుతూ చెప్పినా వినండి. "నేను బరువు" అన్న మాట ఎవరు అన్నా ఆ రోజే కదలండి, మనిషిని ఒంటరిగా ఉంచకండి. 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ, డబ్బుల్లేకుండా, తెలుగులో మాట్లాడతారు. మందులు మొదలుపెడితే గుణం కనిపించడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది. బాగుందని మనంతట మనం ఆపకూడదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఈ వైద్యం సర్కారు దగ్గర పొందడం మన హక్కు. భిక్ష కాదు, హక్కు. ఈ భాష మనకి బాగా తెలుసు గదా.

నాన్నకి మందులు మొదలై మూడోవారం. అద్భుతాలేం జరగలేదు. మొన్న గడ్డం గీసుకున్నాడు. నిన్న టీ కొట్టుకి వెళ్లాడు. తాగుడు తగ్గింది, పోలేదు. రాత్రి నేల తడమడం మాత్రం ఇంకా ఉంది.

వచ్చే నెల 19న దివిసీమ తీసుకెళ్లమని అడిగాడు. అమ్మ, నేను, నా సహచరి, తమ్ముడు, పాప అందరం వెళ్తున్నాం. పాప నిన్న అడిగింది: "తాతా, ఆ పాప నాకేమవుతుంది?" నాన్న లెక్కపెట్టి చెప్పాడు. "మీ నాన్నకి మేనత్త." రెండేళ్ల పిల్ల నాకు మేనత్త. ఆమె పేరు మా ఇంట్లో నలభై ఎనిమిదేళ్లుగా ఎవరూ పలకలేదు. నాన్న నిన్న పలికాడు. పాప రెండుసార్లు అనిపించుకుని నేర్చుకుంది.

జై భీమ్.